రిలీవింగ్ ఆర్డరుతో తీరిపోని బాధ్యత

మూడు వారాల క్రితం ఒక మహిళా ఇన్‌స్పెక్టర్ నాకు ఫోన్ చేశారు. ఎస్ఐగా ఆమె ప్రొబేషన్ నా దగ్గరే జరిగింది కాబట్టి, నేను రిటైరై ఇన్నేళ్ళయినా ఏదైనా సందేహం వస్తే అడుగుతుంటారు. "సార్, పొరుగు రాష్ట్రంలో ఎన్నికల బందోబస్తుకు మా సర్కిల్ నుంచి 14 మందిని అడిగారు. పేర్ల జాబితాతో నామినల్ రోల్ పంపేశాను. రేపు పొద్దున్నే రిలీవ్ చేస్తున్నాను. నేను చేయాల్సింది ఇంకేమైనా మిగిలిందా?" అన్నారు. కాగితం వరకు ఏమీ మిగల్లేదు. అయినా ఎందుకో నా నోటి నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "అక్కడికి వెళ్ళాక వాళ్ళకు ఏదైనా కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటారమ్మా?" ఆమె కాసేపు ఆగి, "అక్కడివాళ్ళు చూసుకుంటారు కదా సార్" అన్నారు.

ఆ మాట విని నేను నొచ్చుకున్నాను. ఆమె మీద కోపంతో కాదు. సర్వీసు పొడుగునా ఆ మాటను నేనూ అన్నాను, నా పై అధికారులూ అన్నారు, పొరుగు జిల్లాల నుంచి నా దగ్గరికి మనుషులను పంపినవాళ్ళూ అన్నారు. మేమందరం నమ్మకంతోనే అన్నాం. పంపేవాళ్ళు "అక్కడివాళ్ళు చూసుకుంటారు" అనుకుంటారు, తీసుకునేవాళ్ళు "వీళ్ళ సంగతి వీళ్ళ యూనిట్ చూసుకుంటుంది" అనుకుంటారు. ఈ రెండు నమ్మకాల మధ్య, భుజాన కిట్ బ్యాగ్ వేసుకుని, ఎవరూ తన పేరు అడగని ఊళ్ళో బస్సు దిగే కానిస్టేబుల్ ఉంటాడు. పోలీసును తాత్కాలికంగా పొరుగు దళానికి పంపినప్పుడు ఆజ్ఞాపించే అధికారం వాళ్ళకు వెళుతుంది, వెళ్ళాలి కూడా. కానీ ఆ మనిషి బాధ్యత మాత్రం పంపినవాళ్ళ దగ్గరే ఉండాలి. అదీ "యూనిట్" అనే పెద్ద మాటలో కలిసిపోకుండా, పేరూ ఫోన్ నంబరూ ఉన్న ఒక అధికారి మీద ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. నాకు మాత్రం ఇది అర్థం కావడానికి ఒక రాత్రి పట్టింది, ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ రాత్రి

నేను సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు 12 మందిని ఇలాగే ఎన్నికల డ్యూటీకి పొరుగు రాష్ట్రం పంపాను. వెళ్ళిన నాలుగో రోజు రాత్రి పదకొండు కావస్తుండగా వారిలో ఒక కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ చనిపోయిందని ఇంటి నుంచి కబురు వచ్చింది. అక్కడి ఇన్‌స్పెక్టర్‌ను అడిగితే, "నిన్ను వదిలే అధికారం నాకు లేదు, మీ యూనిట్ నుంచి మెసేజ్ తెప్పించుకో" అన్నారట. నేను నిబంధనలు బాగా చదివిన అధికారిని. అందుకే వెంటనే, "నువ్విప్పుడు వాళ్ళ కమాండ్‌లో ఉన్నావు. ఇక్కడి నుంచి నేను వదలలేను. మళ్ళీ వాళ్ళనే అడుగు" అన్నాను. నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆయన చెప్పినదాంట్లో కూడా పెద్ద తప్పు లేదు.

అతను ఆ రాత్రి తమకు బసగా ఇచ్చిన పాఠశాల వరండాలో, సర్దుకున్న బ్యాగ్ పక్కన పెట్టుకుని, బూట్లు విప్పకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడని తోటివాళ్ళు తర్వాత చెప్పారు. తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా మొదటి బస్సు ఎక్కాడు. ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. మూడు రోజుల తర్వాత అక్కడి నుంచి నా బల్ల మీదికి ఒక నివేదిక వచ్చింది, "అనుమతి లేకుండా డ్యూటీ విడిచి వెళ్ళినాడు" అని. దాని మీద అతనికి మెమో ఇవ్వవలసినవాడిని నేనే. ఇచ్చాను. అతను రెండు వాక్యాల జవాబు రాశాడు, మా డీఎస్పీ దాన్ని అంతటితో ముగించారు. అతను నాతో ఎప్పుడూ ఆ విషయం ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను.

ఆ రాత్రి నేను చేయవలసిన పని రెండు నిమిషాలది. అక్కడి ఇన్‌స్పెక్టర్‌కు నేనే ఫోన్ చేసి, "మా మనిషికి ఇలా జరిగింది, మీరు వదలండి, బదులుగా రేపు మధ్యాహ్నానికి ఇంకొకరిని పంపిస్తాను" అనడం. ఎందుకు చేయలేదంటే, ఆయన నంబరు నా దగ్గర లేదు. ఆయన పేరు కూడా తెలియదు. నేను పంపిన 12 మంది ఏ ఊళ్ళో, ఎవరి కింద, ఏ బడిలో పడుకుంటున్నారో నాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు, ఎందుకంటే వాళ్ళను ఇక్కడి డ్యూటీ నుంచి వదిలే రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం పెట్టినప్పుడే నా పని అయిపోయిందని అనుకున్నాను.

చట్టం ఎంతవరకు చెప్పింది

పోలీసు శాఖలో ఉన్నవాళ్ళు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు. ఒక మనిషికి ఇద్దరు యజమానులు ఉంటే పని సాగదు. కమాండ్ ఒక్కటే ఉండాలి. ఇది సరైన అభ్యంతరం, దీన్ని కాదనే ఉద్దేశం నాకు లేదు. చట్టం కూడా ఆ దారిలోనే ఉంది. ఒక రాష్ట్రపు పోలీసు మరో రాష్ట్రంలో విధులు నిర్వర్తించడానికి ఇప్పటికీ ఆధారం 1888 నాటి పోలీసు చట్టమే. దాని 3వ సెక్షన్ ప్రకారం, అలా వెళ్ళిన పోలీసును ఆ పని చేస్తున్నంత కాలం అక్కడి దళ సభ్యుడిగానే భావిస్తారు. అక్కడి పోలీసుకు ఉండే అధికారాలన్నీ అతనికి వస్తాయి, బాధ్యతలూ వస్తాయి. 4వ సెక్షన్ ఆ రెండో రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి తప్పనిసరి అంటుంది. రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 80వ అంశం కూడా ఈ సమ్మతి గురించే మాట్లాడుతుంది. ఎన్నికల విషయంలో 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 28ఏ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఎన్నికల కోసం నియమించిన పోలీసు అధికారులు నోటిఫికేషన్ నుంచి ఫలితాలు ప్రకటించే దాకా ఎన్నికల సంఘానికి డెప్యుటేషన్‌పై ఉన్నట్టే లెక్క, ఆ సంఘం నియంత్రణకూ క్రమశిక్షణకూ లోబడి ఉండాలి అంటుంది.

మన దేశం దాటి చూసినా ఇంతే. ఇంగ్లండ్, వేల్స్‌లలో వేర్వేరు ప్రాంతీయ దళాలు ఒకదానికొకటి మనుషులను ఇచ్చుకోవడం మామూలు. అక్కడి 1996 పోలీసు చట్టం 24వ సెక్షన్ ప్రకారం, అలా వెళ్ళిన కానిస్టేబుల్ సహాయం అందుకుంటున్న దళాధిపతి ఆదేశాల కింద, అదుపు కింద ఉంటాడు. అయ్యే ఖర్చు ఎవరు భరించాలో కూడా అదే సెక్షన్‌లో ఉంది.

ఈ చట్టాలన్నీ జవాబిచ్చేది రెండు ప్రశ్నలకే అని గమనించండి. ఈ మనిషికి ఇక్కడ అధికారం ఉందా? ఇతన్ని ఎవరు ఆజ్ఞాపించాలి? చట్టం అడగవలసిన ప్రశ్నలు అవే, అది అడిగింది. జ్వరం వస్తే ఎవరు చూడాలి, ఇంట్లో మనిషి పోతే ఎవరు వదలాలి, ఇక్కడి కోర్టులో వాయిదా ఉంటే ఎవరు గుర్తుచేయాలి, ప్రమోషన్ కోర్సు జాబితాలో పేరు జారిపోకుండా ఎవరు చూడాలి అన్నవి చట్టం పట్టించుకోవలసిన ప్రశ్నలు కావు. అవి పంపిన అధికారి పట్టించుకోవలసినవి. చట్టం మౌనంగా ఉన్న చోట మన బాధ్యత లేదని అనుకోవడమే ఆ రాత్రి నేను చేసిన పొరపాటు. కమాండ్ ఒక్కటే ఉండాలన్న నియమానికీ, మనిషి మంచిచెడ్డలు చూసే బాధ్యతకూ పేచీ లేదు. డ్యూటీ ఎక్కడ వేయాలో చెప్పే హక్కు నాకు లేదు. అతను తిన్నాడా, పడుకోవడానికి చోటు ఉందా అని అడిగే హక్కు నాకు ఉంది.

ఐపీఎస్ అధికారుల సంగతి చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. వాళ్ళ డెప్యుటేషన్‌కు 1954 నాటి కేడర్ రూల్స్‌లో 6వ నియమం ఉంది. ఎవరి సమ్మతి కావాలో, అభిప్రాయభేదం వస్తే ఎవరి మాట నెగ్గుతుందో అందులో రాసి ఉంది. 2006 సెప్టెంబరు 22న పోలీసు సంస్కరణలకు సంబంధించిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు డీజీపీ నుంచి స్టేషన్ హౌస్ ఆఫీసర్ వరకు కనీస పదవీకాలం గురించి మాట్లాడింది. కానిస్టేబుల్ దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు ఉండేది ఒక వైర్‌లెస్ మెసేజ్. "ఫలానా సంఖ్యలో సిబ్బందిని ఫలానా తేదీకల్లా రిపోర్టు చేయించవలెను" అని అందులో ఉంటుంది. తిరిగి ఎప్పుడు వస్తారో తరచుగా ఉండదు. నేను చూసినంతలో "తదుపరి ఉత్తర్వుల వరకు" అన్న మాట ఒక మనిషి జీవితంలో ఎంత చోటు ఆక్రమిస్తుందో, ఆ మాట టైపు చేసేవాళ్ళకు తెలియదు. వారం రోజులకని అటాచ్‌మెంట్ మీద, అంటే తాత్కాలికంగా వేరే యూనిట్‌కు, వెళ్ళి పదకొండు నెలలు ఉండిపోయినవాళ్ళు నాకు తెలుసు. వారిలో ఒకరి భార్య ప్రతి నెల మొదటి వారంలో మా స్టేషన్‌కు వచ్చి, బల్ల ముందు నిలబడి, "ఈ నెలైనా పంపిస్తారా సార్" అని అడిగేది. ఆమెకు జవాబు చెప్పే అధికారం నాకు లేదు. ఆమె అడగగలిగిన చోటు మాత్రం నా బల్లే.

మనం ఎవరిని పంపుతున్నాం

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. పది మందిని పంపమని మెసేజ్ వచ్చినప్పుడు జాబితా ఎలా తయారవుతుందో లోపలివాళ్ళందరికీ తెలుసు. కేసుల పని తెలిసినవాళ్ళనూ, కోర్టు చూసేవాళ్ళనూ, డ్రైవర్‌నూ, స్టేషన్ రికార్డులు రాసే రైటర్‌నూ పక్కన పెట్టగా మిగిలినవాళ్ళ నుంచి, మనకు ఇబ్బందిగా ఉన్నవాళ్ళ పేర్లు ముందు రాస్తాం. తాగుడు అలవాటు ఉన్నవాడు, ఎదురు మాట్లాడేవాడు, సెలవుకు దరఖాస్తు పెట్టి సతాయిస్తున్నవాడు. నేనూ అలాగే రాశాను. ఒకసారి ఒక హెడ్ కానిస్టేబుల్‌ను వరుసగా మూడు బందోబస్తులకు పంపాను. అతను పై అధికారికి నా మీద ఒక ఫిర్యాదు చేశాడు, దానికి ప్రతీకారంగా పంపుతున్నానని నాకు నేను కూడా ఒప్పుకోలేదు. స్టేషన్ అవసరం అనే అనుకున్నాను. మూడోసారి వెళ్ళి వచ్చాక అతను నా ముందు నిలబడి, "సార్, శిక్ష అయితే రాసి ఇవ్వండి. అనుభవిస్తాను. డ్యూటీ అనకండి" అన్నాడు.

ఆ మాట తర్వాత నేను ఒక రోస్టరు పెట్టాను. చివరిసారి బయట డ్యూటీకి వెళ్ళిన తేదీ ప్రతి ఒక్కరి పేరు ఎదురుగా ఉంటుంది, జాబితా ఆ తేదీల ప్రకారమే వెళుతుంది. దీనివల్ల కొన్నిసార్లు మంచి దర్యాప్తు చేసే మనిషిని కీలకమైన సమయంలో వదులుకోవలసి వచ్చింది, అది నష్టమే. ఉన్న కొద్దిమందిలో పనిమంతుడు పోతే ఆ స్టేషన్‌కు ఎంత కష్టమో తెలియని సిద్ధాంతం కాదు నాది. కానీ డెప్యుటేషన్ అంటే వదిలించుకోవడమని సిబ్బందికి ఒకసారి అర్థమైతే, అప్పటి నుంచి వెళ్ళే ప్రతి మనిషీ గాయపడిన మనసుతోనే వెళతాడు. అవతలి అధికారికి అందేది ఆ మనిషే.

నేను తీసుకునేవాడినైనప్పుడు

ఇంతవరకు పంపేవాడి వైపు నుంచి రాశాను. పుష్కరాలకో, మేడారం లాంటి జాతరకో పలు జిల్లాల నుంచి సిబ్బంది వచ్చినప్పుడు అందుకునే అధికారి పరిస్థితి ఎలా ఉంటుందో కూడా నాకు అనుభవమే. ఒక నదీ పుష్కరాల్లో ఒక ఘాట్ సెక్టారు నాకు అప్పగించారు. బయటి జిల్లాల నుంచి 40 మంది వచ్చారు. ముందు రోజు సాయంత్రం చెట్టు కింద నిలబెట్టి బ్రీఫింగ్ ఇచ్చాను. బ్రీఫింగ్ అంటే, చేతిలో కాగితం పట్టుకుని పాయింట్ నంబర్లూ పేర్లూ చదవడం. మరుసటి రోజు పదిగంటల వేళ ఒక హెడ్ కానిస్టేబుల్ స్నానాలు ముగించుకుని వస్తున్న జనాన్ని పక్కనున్న సందులోకి మళ్ళించాడు. ఆ సందు చివర తాళం వేసిన ఇనుప గేటు ఉంది. ముందువాళ్ళు ఆగిపోయారు, వెనకవాళ్ళు నడుస్తూనే ఉన్నారు. తాళం చెవి ఉన్న మనిషి దొరికేలోగా గడిచిన సమయం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఒక తండ్రి పిల్లవాణ్ణి రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకుని, అలాగే నిలబడి ఉన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అది మా గొప్పతనం కాదు.

సాయంత్రం నేను ఆ హెడ్ కానిస్టేబుల్‌ను పిలిచి కేకలు వేశాను. అతను అంతా విని, "సార్, ఈ ఊళ్ళో బస్టాండ్ ఎటో నాకు తెలియదు. నన్ను దారి చెప్పే చోట నిలబెట్టారు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే పాయింట్లు మార్చాం. దారి అడిగే కూడళ్ళలో స్థానికులను, బారికేడ్ల దగ్గరా స్థిరంగా నిలబడే చోట్లా బయటివాళ్ళను వేశాం. తెల్లవారుజామున ఆ 40 మందినీ సెక్టారంతా ఒకసారి నడిపించాను. అరగంట పట్టింది. అంతకు ముందు రోజు అదే అరగంటను నేను కాగితం చదవడానికి వాడాను.

స్థానికుడిని జత చేయడమే అన్నిటికీ మందు అని నేను అనుకుంటున్నానా? ఇక్కడ నాకు నిజంగానే సందేహం ఉంది. జాతరకు అది సరిపోతుంది. ఎన్నికలకు బయటి పోలీసును పిలిచేదే అతనికి ఆ ఊళ్ళో బంధువులు, స్నేహితులు, భయాలు, మొహమాటాలు లేవని. ఫలానావాళ్ళ అబ్బాయి అని తెలియకపోవడమే అక్కడ అతని అర్హత. అతని పక్కన ఊరి మనిషిని నిలబెడితే, ఎవరిని ఆపాలో ఎవరిని వదలాలో ఆ ఊరి మనిషి కళ్ళతో చెబుతాడు, పిలిచిన ఉద్దేశమే దెబ్బతింటుంది. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. ఒక పోలింగ్ కేంద్రం గేటు దగ్గర జత వేసిన ఇద్దరిలో, బయటి నుంచి వచ్చినవాడు ప్రతిసారీ స్థానికుడి ముఖం చూసి చెయ్యి అడ్డం తీయడం నేను కళ్ళారా చూశాను. అందుకని నా మటుకు నేను తేల్చుకున్నది ఇది: దారులు, మలుపులు, ఆసుపత్రి ఎక్కడ, గొడవ జరిగితే జనం ఎటు పరిగెడతారు అనేవి స్థానికుడు ముందు రోజే చూపించి వెళ్ళిపోవాలి. పోలింగ్ రోజు గేటు దగ్గర నిర్ణయం మాత్రం బయటివాడిదే. రెండు రకాల డ్యూటీలకూ ఒకే పద్ధతి పెట్టాలన్న మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

అందుకునేవాడిగా నాకు ఇంకో చేదు అనుభవం కూడా ఉంది. అది నా వాదానికే అడ్డుతగులుతుంది కాబట్టి చెప్పి తీరాలి. పంపిన యూనిట్లతో సంబంధం పెట్టుకున్న ఒక సందర్భంలో, ఒక పొరుగు అధికారి రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టారు. "మావాడికి రాత్రి డ్యూటీ వద్దండి, మావాణ్ణి ఆఫీసులో పెట్టుకోండి" అని. రెండు రోజుల్లో మిగతావాళ్ళకు అది తెలిసిపోయింది, తమ యూనిట్ నుంచి ఫోన్ రానివాళ్ళు అనాథల్లా ముఖాలు పెట్టారు. బాధ్యత పేరుతో జోక్యం ఎంత తేలిగ్గా దూరుతుందో అప్పుడు చూశాను. అయినా ఫోన్లు రాకుండా చేయడం దీనికి మందు కాదనే ఇప్పటికీ అంటాను. ఏ విషయం మీద ఫోన్ చేయవచ్చో ముందే మాట్లాడుకోవడం మందు. ఆరోగ్యం, కుటుంబం, కోర్టు, జీతం, తిరిగి వచ్చే తేదీ, ఇవి పంపినవాడివి. పాయింటు, షిఫ్టు, పని, ఇవి అందుకున్నవాడివి.

తప్పు జరిగినప్పుడు

అన్నిటికంటే చిక్కైనది ఇది. ఒక బందోబస్తు ముగిసిన రెండు రోజులకు ఒక యువకుడు వాచిన మణికట్టుతో మా స్టేషన్‌కు వచ్చాడు. క్యూలో నిలబడి ఉండగా ఒక కానిస్టేబుల్ లాఠీతో కొట్టాడని ఫిర్యాదు. ఆ చోట నిలబడింది బయటి సిబ్బంది అని మాకు అర్థమైంది. ఏ జిల్లా, ఎవరు అన్నది తేల్చలేకపోయాం. ఎందుకంటే చివరి రోజు పాయింట్లు నోటిమాటగా మార్చాం, రిజిస్టరులో ఎక్కించలేదు. అతని నేమ్‌ప్లేట్ కూడా లేదని ఆ యువకుడు చెప్పాడు. నేను చివరికి రాసిన వాక్యం, "సదరు వ్యక్తిని గుర్తించలేకపోయినాము". ఆ యువకుడి దృష్టిలో పోలీసు ఒక్కడే. కొట్టినవాడు ఏ జిల్లావాడు అన్నది మా లోపలి లెక్క. ఆ లెక్క తప్పినందుకు నష్టపోయింది అతను.

క్రమశిక్షణ ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్న మన దేశంలో ఒకసారి చాలా పెద్ద ఎత్తున తలెత్తింది. 1993 ఆగస్టులో ప్రధాన ఎన్నికల కమిషనర్ టి.ఎన్. శేషన్, ఎన్నికల విధుల్లో ఉన్న సిబ్బందిపై సంఘానికి ఉన్న అధికారాన్ని ప్రభుత్వం గుర్తించేదాకా ఎన్నికలను ఆపుతానన్నారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది, 2000 సెప్టెంబరులో రాజీ షరతులతో ముగిసింది. ఆ షరతులు నాకు ఎప్పుడూ ఆదర్శంగా కనిపిస్తాయి. వాటి ప్రకారం ఎన్నికల సంఘం తప్పు చేసిన ఉద్యోగిని సస్పెండ్ చేయవచ్చు, మార్చవచ్చు, తిరిగి సొంత విభాగానికి పంపేయవచ్చు, క్రమశిక్షణ చర్యకు సిఫారసు చేయవచ్చు. శిక్ష నిర్ణయించేది మాత్రం ఆ ఉద్యోగి పై అధికారులే. అయితే ఆ సిఫారసు మీద ఆరు నెలల్లో చర్య తీసుకుని సంఘానికి తెలియజేయాలి.

ఇందులో నాకు నచ్చింది ఆ ఆరు నెలల గడువు. జాతరలకూ, మామూలు అటాచ్‌మెంట్లకూ మనకు అలాంటిదేమీ లేదు. అందుకున్న అధికారి నివేదిక పంపిస్తారు, అది పంపిన యూనిట్‌లో ఒక ఫైలులో పడుకుంటుంది, ఏమైందో ఆయనకు ఎవరూ చెప్పరు. శిక్షించే అధికారం కూడా అందుకున్నవారికే ఇచ్చేయమని కొందరు మిత్రులు వాదిస్తారు. నేను ఒప్పుకోను. బందోబస్తులో ఏదైనా అనర్థం జరిగితే అందరికంటే ముందు తప్పు నెత్తిన పడేది మాట్లాడేవాళ్ళు ఎవరూ లేని బయటి మనిషి మీదే. సొంత యూనిట్ తనవాణ్ణి కాపాడుకుంటుందన్న భయం నిజమే. పరాయి యూనిట్ పరాయివాణ్ణి బలి ఇస్తుందన్న భయం కూడా అంతే నిజం. అందుకే వాస్తవాలు రాయడం ఒకరి పని, నిర్ణయించడం మరొకరి పని, గడువు ఇద్దరికీ వర్తించాలి. ఆ వాస్తవాలు సిబ్బంది బస్సు ఎక్కకముందే, పాయింట్ రిజిస్టరుతో సహా రాసి ఉండాలి. నిర్ణయం ఫిర్యాదు చేసినవాడికి తెలియాలి. నా స్టేషన్‌కు వచ్చిన ఆ యువకుడికి ఏదీ తెలియలేదు.

తిరిగి వచ్చినవాళ్ళు

మనుషులను పంపడం గురించి ఎంతో కొంత మాట్లాడుకుంటాం, తిరిగి రావడం గురించి దాదాపు మాట్లాడుకోం. మా దగ్గర ఒక హెడ్ కానిస్టేబుల్ ఏడాదిన్నర పాటు పొరుగు యూనిట్‌లో ఒక ప్రత్యేక బృందంలో పనిచేశాడు. ఆ కాలంలో అతను సాక్షిగా ఉన్న పాత కేసు విచారణకు వచ్చింది. సమన్లు మా స్టేషన్‌కు వచ్చాయి. తపాలు పుస్తకంలో దాని ఎదురుగా "వేరే డ్యూటీలో ఉన్నాడు" అని రాసి తిప్పి పంపారు. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ అదే రాశారు. మూడోసారి సమన్లు రాలేదు, నాన్‌బెయిలబుల్ వారెంటు వచ్చింది. తన సర్వీసంతా వారెంట్లు అమలు చేసిన మనిషి, తన పేరు మీదున్న వారెంటును రద్దు చేయించుకోవడానికి కోర్టు హాలు బయట బెంచీ మీద యూనిఫారంలో కూర్చోవడం నేను చూశాను. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 336వ సెక్షన్‌లో, బదిలీ అయిన ఉద్యోగి తయారుచేసిన పత్రం గురించి అతని స్థానంలో ఉన్న అధికారి సాక్ష్యం చెప్పే ఏర్పాటు ఉంది. అది కొంత మేలు. కానీ కంటితో చూసినదీ చేతితో పట్టుకున్నదీ చెప్పడానికి ఆ మనిషే రావాలి. అతను ఎక్కడున్నాడో తెలిసిన ఒక్కరు స్టేషన్‌లో ఉంటే, తపాలు పుస్తకంలో ఆ మాట రాసే బదులు ఒక ఫోన్ చేసేవారు.

అదే మనిషి గురించి నన్ను ఇంకా బాధపెట్టేది వేరే ఉంది. ఆ ఏడాదిన్నరలో అతను ఫోన్ కాల్ వివరాల నుంచి ముఠాల కదలికలు పట్టుకోవడం నేర్చుకున్నాడు. మా సర్కిల్ మొత్తంలో ఆ పని అంత బాగా తెలిసినవాడు లేడు. తిరిగి వచ్చిన మరుసటి రోజు, ఖాళీగా ఉంది కాబట్టి, అతనికి సెంట్రీ డ్యూటీ వేశారు. అక్కడ ఏం పని చేశావు, ఏం నేర్చుకున్నావు అని ఎవరూ అడగలేదు. నాలుగు నెలల తర్వాత ఒక దోపిడీ కేసులో మేం ఎటూ తోచక ఉన్నప్పుడు, అతనే మొహమాటపడుతూ వచ్చి, "సార్, నేనొకసారి చూడనా" అన్నాడు.

ఇన్ని పనులు పంపిన అధికారి మీద వేస్తే, మనుషులు తగ్గి ఇప్పటికే నలిగిపోతున్న స్టేషన్ ఎలా మోయగలదని అడుగుతారు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. వెళ్ళినవాళ్ళ పని ఉన్నవాళ్ళ మీద పడుతుంది, అప్పుడు ఎవరికీ ఓపిక ఉండదు. అయినా నేను అడుగుతున్నది కొత్త విభాగమూ కాదు, కొత్త పోస్టూ కాదు. స్టేషన్‌లో ఉన్నవారిలోనే ఒకరు, అది రైటర్ కావచ్చు, సీనియర్ హెడ్ కానిస్టేబుల్ కావచ్చు, వెళ్ళినవాళ్ళ జాబితా జేబులో పెట్టుకుని, రోజుకు ఒక్కసారి వాళ్ళతో మాట్లాడి, రెండు ముక్కలు జీడీలో, అంటే స్టేషన్ జనరల్ డైరీలో, రాయడం. ఏదైనా జరిగితే ఇన్‌స్పెక్టర్‌కు చెప్పడం.

ఎలాగూ చివరికి బాధ్యత మన దగ్గరికే వస్తుందన్నది కూడా మరచిపోకూడదు. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో ఆంధ్రప్రదేశ్ పోలీసుల మావోయిస్టు వ్యతిరేక దళమైన గ్రేహౌండ్స్ సిబ్బంది ప్రయాణిస్తున్న లాంచీపై మావోయిస్టులు గట్ల మీది కొండల నుంచి కాల్పులు జరిపారు. 30 మందికి పైగా చనిపోయారు. సరిహద్దు దాటి పనికి వెళ్ళినవాళ్ళు వాళ్ళు. మా తరం పోలీసుల్లో ఆ రోజును మరచిపోయినవాళ్ళు ఉండరు. అలాంటి కబురును ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్ళేది మనిషి ఏ ఊరి నుంచి వెళ్ళాడో ఆ ఊరి అధికారే. ఆ గుమ్మం ముందు నిలబడి "అక్కడివాళ్ళు చూసుకుంటారు" అని ఎవరూ అనలేరు. అక్కడ అనలేని మాటను జ్వరం వచ్చినప్పుడూ, తల్లి పోయినప్పుడూ, వారెంటు వచ్చినప్పుడూ ఎలా అనగలం?

ఆ ఇన్‌స్పెక్టర్‌తో ఫోన్‌లో ఇంత చెప్పలేదు. నా రాత్రి సంగతి ఒక్కటే చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. మరుసటి రోజు రాత్రి తొమ్మిదిన్నరకు నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. ఆమెకు వాళ్ళ కానిస్టేబుల్ పంపినదాన్నే నాకు పంపారు. "14 మందీ చేరాం మేడమ్. బడిలో బస ఇచ్చారు. నీళ్ళు ఉన్నాయి, ఫ్యాన్లు తిరగడం లేదు. ఒకరికి కొంచెం జ్వరంగా ఉంది." దాని కింద ఆమె ప్రశ్న: "దీనికి ఏమని జవాబివ్వాలి సార్?"

"ముందు జ్వరం ఎవరికో అడుగమ్మా. తర్వాత అక్కడి ఇన్‌స్పెక్టర్ పేరు, నంబరు అడుగు" అని రాశాను.